మొదట పొగ చూసినవాళ్లే ముద్దాయిలు

ఆ రోజుల్లో పత్రికలో కొత్తగా చేరినవాళ్లకి అక్షరాభ్యాసం మంటలతోనే జరిగేది. రాజకీయాలు పెద్దవాళ్లవి, సినిమాలు మంచి చొక్కాలున్నవాళ్లవి, క్రికెట్టు మగపిల్లలది. ఎక్కడైనా గోదాము కాలినా, చెత్తకుప్ప రాజుకున్నా, ఆ బూడిద తొక్కుకుంటూ పోయి నాలుగు ముక్కలు రాసుకురావడం మాత్రం నాలాంటి కొత్త పిల్లల భాగ్యం. నేనేమో జర్నలిజం డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే సమాజం తలకిందులవుతుందని నమ్మినదాన్ని. ("సమాజం సంగతి సరే, ముందు ఆ జుట్టుకి నూనె రాయి, పొగ వాసన కొడుతోంది" అని మా అమ్మ రోజూ గుమ్మంలోనే అనేది.) ఇప్పుడు తలుచుకుంటే అంత బూడిదని అంత భక్తిగా ఎలా తొక్కానా అని నా మీద నాకే జాలేస్తుంది.

మా ఆఫీసు అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, ఒక చెప్పుల దుకాణం పైన ఉండేది. కింద కొత్త చెప్పుల వాసన, పైన పాత కాగితాల వాసన, రెంటినీ మించి మా న్యూస్ ఎడిటర్ గారి జర్దా వాసన. ఆయన్ని మేమంతా వెనకాల 'అనుమానం గారు' అనేవాళ్లం. ఏ వార్త పెట్టినా చివర 'అని అనుమానం' తగిలించనిదే ఆయనకి నిద్రపట్టదు. చచ్చినవాడు చచ్చినట్లు అనుమానం, వాన కురిసినట్లు అనుమానం. తన పెళ్లి శుభలేఖలో కూడా 'వివాహం జరగనున్నట్లు అనుమానం' అని వేయించుకున్నాడని మా ఫొటోగ్రాఫర్ ప్రమాణం చేసి చెప్పేవాడు. ఇక మంటల విషయంలో ఆయనది ఒకటే సిద్ధాంతం. కాలినచోట కరెంటు తీగ ఉంటే షార్ట్ సర్క్యూట్, లేకపోతే కుట్ర. మూడో కారణం ఈ భూప్రపంచంలో లేదు. ఫైరింజన్ గంట ఇంకా రోడ్డు మీద వినిపిస్తుండగానే ఈయన ఇక్కడ శీర్షిక పెట్టేసేవాడు. "నిప్పు లేనిదే పొగ రాదమ్మాయ్" అని పైనుంచి నాకు పాఠం. అంతటి మేధావి కింద పనిచేశాను లెండి, నన్ను చూసి అసూయపడకండి.

ఒక ఎండాకాలం పొద్దున ఆ మెట్లెక్కి ఒకమ్మాయి వచ్చింది. సన్నగా, నల్లగా, భుజాన గుడ్డసంచీ, చున్నీ అంచు మాడిపోయి ఉంది. ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట. (పేరు చెప్పను. నాంపల్లిలో బస్సెక్కితే కండక్టరు చిల్లర ఇచ్చేలోపు వచ్చేస్తుందని మాత్రం అనుకోండి, చిల్లర ఎప్పుడిస్తాడన్నది వేరే సంగతి.) క్యాంపస్ వెనక తుప్పల్లో చీమల పుట్టలు ఉన్నాయట, వాటి మీద ఆమె పరిశోధన. హాస్టల్లో అందరూ 'చీమలక్క' అంటారని తనే చెప్పింది, ఏమాత్రం నొచ్చుకోకుండా.

"మేడం, గాడ రోజూ మంటలైతున్నయ్. నా పుట్టలన్నీ కాలిపోతున్నయ్. సెక్యూరిటీకి ఫోన్ జేస్తె రారు. ఫైరింజనుకి నేనే జేస్తున్న. అది వచ్చి ఆర్పి పోయినంక మాత్రం అందరొస్తరు."

"వచ్చి?"

"నన్ను కూసోబెడ్తరు. నీకెట్ల తెల్సింది, నువ్వే ఎందుకు జూసినవ్, నీ ఐడీ కార్డు ఈడ పెట్టు, ఫోను ఈడ పెట్టు అంటరు. మొదలు చెప్పినోళ్ల మీదనే డౌటంట. గిప్పుడు క్యాంపస్‌ల ఎవ్వరు జూసినా చెప్తలేరు మేడం. వీడియో తీసుకుంటున్నరు, అంతే."

నాకు నవ్వొచ్చింది, మరుక్షణం ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత విన్నాను గానీ, ఇల్లు కాలుతోందని చెప్పినవాడి జేబుల్లో అగ్గిపెట్టె వెతికేవాళ్లని అప్పుడే వినడం. "ఈసారి మంట కనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి" అన్నాను, సినిమాల్లో జర్నలిస్టులా కుర్చీలో వెనక్కి వాలి. (ఆ కుర్చీకి ఒక కాలు వదులు. తర్వాత జరిగింది చీమలక్క మర్యాదగా చూడనట్టు ఊరుకుంది.)

ఆమె ఫోన్ త్వరలోనే వచ్చింది. అబిడ్స్ చౌరస్తాలో కదులుతున్న బస్సు పట్టుకుని వేలాడి, నాంపల్లిలో మారి, క్యాంపస్ వెనక గేటు దగ్గర దిగి పరుగెత్తాను. నిజంగానే తుప్పలు భగభగమంటున్నాయి. చుట్టూ ఓ గుంపు, అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి, ఒక్కటీ చెవి దగ్గర లేదు. ఫైరింజనుకి చీమలక్కే ఫోన్ చేసి, వేపకొమ్మ విరిచి ఒంటరిగా మంటని కొడుతోంది. కాస్త అవతల నీడలో నలుగురు కూలీలు పారలూ గంపలూ పక్కన పెట్టుకుని, తీరిగ్గా బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. నేను వాళ్ల దగ్గరికి పోయి, ఎవరు పెట్టారీ మంట అని అడిగాను. ఎంత పరిశోధనాత్మకంగా అడిగానో!

"మేమే," అన్నాడు వాళ్లలో పెద్దాయన, బీడీ తీయకుండానే. "ఎండకి గడ్డి అంటుకోకుండ ముందుగాల్నే సాఫ్ జెయ్యమని కంట్రాక్టరు పంపిండు. కోసుకుంట పోతే ఎప్పటికైతది అమ్మా? అంటబెడ్తే జల్ది అయిపోతది."

క్యాంపస్‌లో గడ్డి అంటుకోకుండా చూడ్డానికి విశ్వవిద్యాలయం వాళ్లు ఏటా కాంట్రాక్టు ఇస్తున్నారు, ఆ కాంట్రాక్టరు గడ్డి అంటుకోకుండా గడ్డిని అంటిస్తున్నాడు! వీళ్లేమీ దాచడం లేదు, దాక్కోవడమూ లేదు. అడిగినవాళ్లు లేరు, అంతే. ఇంత చదువుకున్న చోట ఇంత చిన్న ప్రశ్న ఎవరికీ తోచలేదంటే, వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను.

ఈలోగా క్యాంపస్ భద్రతాధికారి వచ్చాడు. అందరూ ఆయన్ని 'కర్నల్ సాబ్' అనేవాళ్లు. ఏ సైన్యంలో పనిచేశాడో ఏ దేశానికీ తెలియదు, మీసం మాత్రం ఫిరంగిలా ఉండేది. కాలుతున్న గడ్డి వంక చూడలేదు, కూలీల వంక చూడలేదు. నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"జర ఇటు రాండ్రి మేడం. ఫైరింజనే రాలే, మీరెట్ల వచ్చిన్రు? మీకు మొదలెట్ల తెల్సింది?"

"మా సోర్సులు మాకుంటాయి," అన్నాను గడ్డం పైకెత్తి. (సోర్సు పక్కనే వేపకొమ్మతో దగ్గుతూ నిలబడి ఉంది.) "ఆ నీడలో కూర్చున్నవాళ్లే అంటించామంటున్నారండీ, అడగండి."

"వాళ్లు కంట్రాక్టరు మనుషులు మేడం. వాళ్లెందుకు పెడ్తరు? వాళ్లు సాఫ్ జెయ్యనీకె వచ్చిన్రు" అన్నాడు కర్నల్ సాబ్, నాకు లోకజ్ఞానం లేనందుకు ఎంతో జాలిపడుతూ.

ఆఫీసుకొచ్చి జరిగింది జరిగినట్టు రాశాను. కాంట్రాక్టు, కూలీలు, పెద్దాయన మాటలు, అన్నీ. గొప్ప వార్త రాశానన్న పొగరుతో ఆ రాత్రి అమ్మ పెట్టిన ఉప్మాని కూడా వంక పెట్టకుండా తిన్నాను. పొద్దున్నే పేపరు తీస్తే నా పేరు మొదటిసారి అచ్చులో ఉంది. దాని పైన శీర్షిక: 'క్యాంపస్‌లో వరుస మంటలు: కుట్ర కోణం!' దాని కింద, 'ప్రతిసారీ మొదట సమాచారమిస్తున్న పరిశోధక విద్యార్థినిపై అనుమానం.' కాంట్రాక్టరు ఎక్కడా లేడు. పారలూ లేవు, బీడీలూ లేవు.

ఆఫీసు తలుపు తీసేసరికి అనుమానం గారి బల్ల ముందు నిలబడ్డాను. ఆయన జర్దా నములుతూ నవ్వాడు. "కూలీలు గడ్డి కాల్చారన్నది వార్తేంటమ్మాయ్? ఎవడు చదువుతాడు? రాత్రి ఆ కర్నల్‌తో ఫోన్లో మాట్లాడాను. ఆ పిల్లకి పరిశోధన పూర్తికాలేదట, సాకు కోసం తన పుట్టలు తనే తగలబెట్టుకుంటోందని వాళ్ల అనుమానం. చూడు, ఎంత కథ ఉందో! పైగా నీ పేరు వేశాను."

"ఆ అమ్మాయి బతుకేం కావాలండీ?"

"అనుమానం అనే కదా వేశాం. నిజం అన్నామా?" అన్నాడు మహానుభావుడు. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వెయ్యాలంటారు. ఈయన దగ్గర ఆ ముద్ర అరిగిపోయి ఉండేది, అంత వాడకం.

ఆ వార్త చూసి విశ్వవిద్యాలయం వాళ్లు ఆగమేఘాల మీద విచారణ సంఘం వేశారు. ఏళ్లతరబడి కాలుతున్న గడ్డి వాళ్లని కదిలించలేదు, మా పేపరు కదిలించింది. చీమలక్కకి తాఖీదు వచ్చింది: దోషి అని తేలితే హాస్టల్ సీటు పోతుంది, పరిశోధన రద్దవుతుంది. మంట దగ్గరికి ఫైరింజను కన్నా ముందు చేరినందుకు నన్నూ సాక్షిగా రమ్మన్నారు. ("వెళ్లు వెళ్లు, రాయడానికి మంచి సరుకు దొరుకుతుంది" అని అనుమానం గారి ఆశీర్వాదం.)

విచారణ రోజు పొద్దున నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో చీమలక్కని కలిశాను. ఆమె నా వంక చూడలేదు. చాయ్ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది.

"నేను రాసింది అది కాదు, నమ్ము" అన్నాను.

"పేరు మీదే ఉంది గదా మేడం."

కప్పు అటూ ఇటూ తిప్పుతూ మళ్లీ తనే అంది. "మా ఇంట్ల ఎవ్వరికీ నేనేం చదువుతున్ననో సమజ్ గాదు. చీమలేంది, పీహెచ్‌డీ ఏంది అంటరు. గీ సీటు పోతే ఇంటికి పట్కపోయి, చదువు చాలిగ అంటరు. నాకు ఇంకేం రాదు మేడం. చీమలొక్కటే వచ్చు." కళ్లు తుడుచుకుని ఒక్క గుక్కలో చాయ్ తాగేసింది. నాకా రోజు భయమేసింది, నా ఉద్యోగం గురించి కాదు, ఆమె గురించి.

"ఇంకోసారి మంట కనిపిస్తే ఏం చేస్తావ్?" అని అడిగాను, ఏదో మాట్లాడాలి కనక.

"ఫోన్ జేస్త. ఏం జెయ్యాలె మరి? కాలుతుంటే సూస్త ఉండాల్నా?"

విచారణ రిజిస్ట్రారు గారి గదిలో. ఆ రోజు పొద్దుట్నుంచీ క్యాంపస్ అంతా కరెంటు లేదు. ఏసీ పనిచెయ్యక కిటికీలన్నీ బార్లా తెరిచారు. సంఘంలో ముగ్గురు: రిజిస్ట్రారు గారు, కర్నల్ సాబ్, వాణిజ్యశాస్త్రం ప్రొఫెసరొకాయన. ఈ ప్రొఫెసరుకీ మంటలకీ ఏమిటి సంబంధమంటే, ఆయన ఖాళీగా ఉన్నాడు. వచ్చీ రాగానే కళ్లు మూసుకుని ఆలోచనలో పడ్డాడు, గురక కూడా మేధావిగానే పెట్టాడు. రిజిస్ట్రారు గారు గొంతు సవరించుకుని ప్రకటించారు:

"ఈ సంఘం ఒక సూత్రాన్ని ముందే స్పష్టం చేస్తోంది. అగ్నిప్రమాదాన్ని మొట్టమొదట గమనించి తెలియజేసినవారినే ప్రాథమిక అనుమానితులుగా పరిగణించడం జరుగుతుంది. హోదాతో నిమిత్తం లేదు. ఇదే మన విధానం."

"బహుత్ అచ్ఛా సార్" అన్నాడు కర్నల్ సాబ్.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. పొద్దున్నే తుప్పల్లోకి ఎందుకు వెళ్తావు? చీమల్ని ఇంట్లో పెంచుకోకూడదా? (నిజంగా అడిగారు.) ఫైరింజను వాళ్ల నంబరు నీకెలా తెలుసు? ఆ ప్రశ్నకి చీమలక్క బిత్తరపోయి నా వంక చూసింది. "అందరికీ తెలుస్తది సార్" అంది. "నాకు తెలియదే!" అన్నాడు కర్నల్ సాబ్ గెలిచినట్టు. క్యాంపస్ భద్రతాధికారికి ఫైరింజను నంబరు తెలియకపోవడం ఆమె మీద సాక్ష్యం అయిపోయింది. నేను కూలీల సంగతి చెప్పబోతే రిజిస్ట్రారు గారు చెయ్యెత్తి ఆపారు, "కాంట్రాక్టరు మీద వ్యాఖ్యలు ఈ సంఘం పరిధిలోకి రావు" అని.

సరిగ్గా అప్పుడే నాకు పొగ వాసన వేసింది.

కిటికీలోంచి సన్నగా ఒక పాయ లోపలికి వచ్చింది. వెనకే ఇంకొకటి. కింద ఎండుటాకులు పేలుతున్న చప్పుడు. నేను నోరు తెరిచాను, వెంటనే మూశాను. ఎవరు మొదట చెబితే వాళ్లే ముద్దాయి కదా! చీమలక్కా చూసింది. లేవబోతే నేను గట్టిగా ఆమె చెయ్యి పట్టుకున్నాను. కర్నల్ సాబ్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ఆయన మాత్రం పైకప్పు మీద బల్లిని చూస్తున్నాడు. ప్రొఫెసరుగారు నిద్రలోనే దగ్గి, కన్ను తెరిచి, పొగని చూసి, మళ్లీ గబుక్కున మూసుకున్నాడు. (ఆ గదిలో తక్షణం నిర్ణయం తీసుకున్న మేధావి ఆయనొక్కడే.) చాయ్ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చిన అటెండరు ఒకసారి కిటికీనీ ఒకసారి మా మొహాల్నీ చూసి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

"ఊఁ, చెప్పమ్మా," అన్నారు రిజిస్ట్రారు గారు, కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మంటని మొదట చూసినప్పుడు నీకేం అనిపించింది?"

చీమలక్క ఆయన వంకే చూస్తోంది. పెదవి బిగబట్టింది. ఆమె ఎంత కష్టం మీద ఊరుకుందో ఆమె చెయ్యి పట్టుకున్న నాకు తెలుసు.

కింద ఏదో ఫట్‌మని పేలింది. రిజిస్ట్రారు గారు ఇక ఉండబట్టలేక లేచి కిటికీలోంచి కిందకి తొంగిచూశారు. కాంట్రాక్టరు మనుషులు పాపం పొద్దున్నే వచ్చి, ఆకులన్నీ ఊడ్చి, వేపచెట్టు కింద కుప్పపోసి, అలవాటు ప్రకారం అంటించి వెళ్లారు. ఆ కుప్ప పక్కనే రిజిస్ట్రారు గారి కొత్త కారు.

"నా కారు! మంట! మంట! ఎవరక్కడ, మంట!"

అందరం లేచాం. అప్పుడు కర్నల్ సాబ్, అలవాటైన నోరు కదా, తను ఎవరిని అడుగుతున్నాడో గమనించుకునేలోపే అడిగేశాడు:

"సార్, మీకు మొదలెట్ల తెల్సింది?"

రిజిస్ట్రారు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారంటారే, ఆయన నిజంగానే జేబులు తడుముకున్నారు. అప్పుడు చీమలక్క, ఎంతో మర్యాదగా, కుర్చీ లోపలికి జరుపుతూ అంది: "ఐడీ కార్డు, ఫోను ఈడ పెట్టి పోవాలె సార్. మీరే అన్నరు గదా, హోదా సూడరని."

అని ఊరుకుందా? లేదు. మేమంతా కొయ్యబొమ్మల్లా నిలబడి ఉంటే, తన ఫోను తీసి ఫైరింజనుకి తనే చేసింది. పేరు చెప్పింది, చోటు చెప్పింది, గేటు ఏవైపో చెప్పింది. ఆ గదిలో ముద్దాయిగా నిలబడ్డ పిల్ల ఒక్కతే ఆ పని చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, నవ్వాపుకోవడం దానికన్నా కష్టమైంది.

కారుకి ఒకవైపు రంగు బొబ్బలెక్కింది, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ సంఘం మళ్లీ సమావేశం కాలేదు. సూత్రం ప్రకారం ముందుకెళ్తే మొదటి ముద్దాయి ఎవరో అందరికీ తెలుసు మరి. చీమలక్క సీటు నిలిచింది, పరిశోధనా సాగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, వీళ్లు ఆకులు కాలాక చేతులు దులుపుకున్నారు. నేను ఆఫీసుకి పరుగెత్తి, ప్రతి మాటా పూసగుచ్చినట్టు రాసి, అనుమానం గారి చేతికే ఇచ్చాను. ఆయన పగలబడి నవ్వుతూ చదివాడు. మర్నాడు లోపలి పేజీలో, పెళ్లిసంబంధాల ప్రకటనల కింద, వేలెడంత వార్త వచ్చింది: 'క్యాంపస్‌లో స్వల్ప అగ్నిప్రమాదం. షార్ట్ సర్క్యూట్ కారణమని అనుమానం.' కరెంటే లేని పూట ఎండుటాకులకి షార్ట్ సర్క్యూట్! ఆ నెలాఖరుకే నేను ఆ చెప్పుల దుకాణం మెట్లు దిగేశాను.

దిగే రోజున కింద చీమలక్క నిలబడి ఉంది. పుట్టల్లో సగం బతికాయని చెప్పడానికి వచ్చిందట. "మంటొస్తే చీమలు లోపల్లోపలికి పోతయి అక్కా. సల్లారినంక మళ్ల వస్తయి, మళ్ల కట్టుకుంటయి" అంది. మేడం పోయి అక్క అయినందుకు నాకు పేపర్లో నా పేరు అచ్చయినదానికన్నా ఎక్కువ సంతోషమేసింది. ఇప్పుడామె ఎక్కడో పాఠాలు చెబుతోంది. చీమల గురించే.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, పక్క సందులో ఒక మేడ కిటికీలోంచి నల్లటి పొగ లేచింది. క్షణంలో గుంపు. అందరి చేతుల్లో ఫోన్లు, అందరూ వీడియోలు. "ఎవరైనా ఫైరింజనుకి ఫోన్ చేశారా?" అని అరిచాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎన్నేళ్లయినా జనం మారలేదు, కెమెరాలు మాత్రం మెరుగయ్యాయి. పుస్తకాలు అక్కడే పడేసి నేనే చేశాను. చోటు చెప్పాను. అవతలి మనిషి పేరడిగితే, ఎక్కడో లోపలున్న ఆ పాత రిపోర్టరు పిల్ల ఒక్కసారిగా నిద్రలేచింది.

"రాసుకోండి, చెప్తాను. కానీ ముందే చెప్తున్నా, పెట్టింది నేను కాదు" అన్నాను.

"మిమ్మల్నెవరన్నరు ఆంటీ?" అన్నాడతను విసుగ్గా. "పక్కకి జరిగి నిలబడున్రి, బండొస్తున్నది."

బండి వచ్చింది, మంట ఆరింది, ఎవరికీ ఏమీ కాలేదు. యూనిఫారమాయన గుంపులోకి వచ్చి, ఎవరు ఫోన్ చేశారని అడిగితే చెయ్యెత్తాను. ఐడీ కార్డు తీద్దామని బ్యాగులో చెయ్యి కూడా పెట్టాను. "మంచి పని జేసిన్రమ్మా" అనేసి వెళ్లిపోయాడు. ఒక్క ప్రశ్న లేదు. సంతోషించాలి కదా! ఏమో, కొంచెం చిన్నబుచ్చుకున్నాను. నన్ను చూసి అనుమానపడే వయసు నాకు దాటిపోయిందన్నమాట.